పాత మోటారు కార్ల కార్బురేటరును శుభ్రపఱచి సరిచేయు విధము

మన సంఘ సభ్యులలో కొందఱి యిండ్లలో నేటికిని పాత అంబాసిడరు కారో, ఫియట్టు కారో, పెట్రోలు జీపో కలదు. తండ్రిగారు కొన్నదని ఒకరు, ఎరువు బస్తాలకును కూరగాయల గంపలకును పనికివచ్చునని మఱియొకరు దానిని విడువక ఉంచుకొనుచున్నారు. అట్టి బండి ప్రొద్దున కదలక మొరాయించినను, నల్లని పొగ విడిచినను, పెట్రోలు ఎక్కువగా త్రాగినను "కార్బురేటరు పోయిన"దని తేల్చి, స్క్రూడ్రైవరు చేతబట్టి కనబడిన మరమేకు నెల్ల త్రిప్పుట వాడుకయైనది. ప్రదర్శనలకై గ్రామములు తిరుగుటలో నేనిట్టి బండ్లను పెక్కింటిని చూచితిని. వానిలో అధికభాగమునకు కావలసినది శుభ్రతయే గాని మరమేకులు త్రిప్పుట కాదు. మొదట శుభ్రపఱుపవలెను. త్రిప్పుట తరువాతి మాట. త్రిప్పినను ఏ మరమేకు ఏ పని చేయునో ఎఱిగి త్రిప్పవలెను.

ఇది స్వల్ప విషయమని తలపరాదు. ఒక బండి నెలకు 400 కిలోమీటర్లు తిరుగుననుకొందము. లీటరునకు 10 కిలోమీటర్లు నడువవలసినది 8 మాత్రమే నడచెనేని, 40 లీటర్లతో తీరవలసిన పనికి 50 లీటర్లు పట్టును. నెలకు 10 లీటర్లు, ఏడాదికి 120 లీటర్లు పొగగొట్టమున పోసినట్లే. నష్టము అంతటితో ఆగదు. కాలక మిగిలిన పెట్రోలు సిలిండరు గోడలపైనున్న నూనెను కడిగివేసి, క్రిందికి దిగి ఇంజను నూనెలో కలిసి దానిని పలుచన చేయును. రింగులు, బేరింగులు అఱిగి ఇంజను బోరుకు వచ్చును. ఇందుకు మాఱుగా పెట్రోలు మిక్కిలి తక్కువైనచో ఇంజను వేడెక్కి వాల్వులు కాలిపోవును. ఒక పూట పనిని ఉపేక్షించినందున ఒక పంట రాబడి మరమ్మతుకు పోవుట కలదు.

ట్రాక్టరు గలవారు ఈ వ్యాసము ఆ యంత్రమునకును వర్తించునని భ్రమపడరాదు. ట్రాక్టరు డీసెలుతో నడచునది. దానికి డీసెలును గొప్ప ఒత్తిడితో సిలిండరులోనికే చిమ్ము పంపును, ఇంజెక్టర్లును కలవు గాని కార్బురేటరు లేదు. డీసెలు అంబాసిడరునకును అంతియే. పశ్చిమ బెంగాలులోని ఉత్తరపాడాలో 2014 వఱకు తయారైన అంబాసిడరు కార్లలో పాత పెట్రోలు బండ్లకే ఇది యుండును. 1983లో వెలువడిన మారుతి 800 బండ్లలో సుమారు 2000 వఱకు వచ్చినవి కార్బురేటరు గలవే. మోటారు సైకిళ్ళలో 2020 ఏప్రిలునందు క్రొత్త పొగ నిబంధనలు అమలగుదాక ఎక్కువభాగమునకు కార్బురేటరే ఉండెడిది. కావున కారు లేనివారును దీనిని చదివినచో మోటారు సైకిలు విషయముననో, పెట్రోలుతో నడచు మందు స్ప్రేయరు విషయముననో కొంత ఉపయోగపడగలదు.

కార్బురేటరు చేయు పని మజ్జిగ కలుపుట వంటిది. పెరుగునకు నీరు ఎంత చేర్చవలెనో ఇల్లాలికి తెలిసినట్లు, పెట్రోలునకు గాలి ఎంత చేర్చవలెనో దీనికి తెలియవలెను. పెట్రోలు ద్రవముగా నున్నపుడు ఇంజనులో సరిగా కాలదు. మంచువలె సన్నని తుంపరలై గాలితో కలిసినపుడే కాలును. తూకమున 1 పాలు పెట్రోలునకు సుమారు 15 పాళ్ళ గాలి కావలెను. గాలి ఎంత తేలికయో తలచినచో ఈ లెక్క ఆశ్చర్యము గొలుపును. ఒక్క లీటరు పెట్రోలు కాలుటకు సుమారు 9,000 లీటర్ల గాలి, అనగా 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు గల గదిలో నాలుగడుగుల ఎత్తువఱకు నిండు గాలి పట్టును. పెట్రోలు పాలు హెచ్చిన మిశ్రమమును చిక్కనిదనియు, గాలి పాలు హెచ్చినదానిని పలుచనిదనియు అందము.

ఈ కలయిక జరుగు తీరు కాలువ నీరు ఎఱిగిన రైతునకు సులభముగా బోధపడును. కాలువ ఇఱుకైనచోట నీరు వడిగా పాఱునట్లు, కార్బురేటరు గొంతు సన్నమైనచోట గాలి వడి హెచ్చును. వడి హెచ్చినచోట ఒత్తిడి తగ్గును. ఆ తగ్గుదలచే ప్రక్కనున్న గిన్నెలోని పెట్రోలు, జెట్టు అను సన్నని రంధ్రముగల ఇత్తడి ముక్క గుండ, పైకి పీల్చబడి గాలిలో చిమ్మబడును. గిన్నెలో పెట్రోలు మట్టము ఎల్లపుడు ఒక్కతీరుగ నుండుటకు ఫ్లోటు అను తేలుడు బుడ్డి కలదు. పశువుల తొట్టికి అమర్చు తేలుడు కొళాయి యెట్లో ఇదియు నట్లే. మట్టము నిండగనే ఫ్లోటు పైకి లేచి, సూది వంటి కవాటమును నొక్కి దారి మూయును. గొంతునకు ఇంజను వైపున థ్రాటిలు రేకు కలదు. మీరు కాలితో ఎక్సిలరేటరు నొక్కినపుడు తెఱచుకొనునది ఆ రేకే. జర్మనీలో మేబాకు, హంగెరీలో బాంకి, చొంకా అనువారు 1893 ప్రాంతముననే ఇట్టి చిమ్ముడు కార్బురేటర్లను నిర్మించిరి. నూఱేండ్లు దాటినను మూలసూత్రము మాఱలేదు.

విప్పుటకు ముందు

కార్బురేటరుపై మోపబడు నేరములలో సగము ఇతరులవి. కనుక విప్పుటకు ముందు ప్లగ్గులు తీసి చూడుడు. కొన లేత గోధుమవన్నెగా నున్నచో మిశ్రమము సరియే. పొడి నల్లమసి పట్టినచో చిక్కనిది. తెల్లగా కాలినట్లున్నచో పలుచనిది. తడిగా, జిడ్డుగా నల్లనైనచో అది పెట్రోలు కాదు, ఇంజను నూనె. అందులకు కార్బురేటరును ముట్టవలసిన పని లేదు. పాత అంబాసిడరు ప్లగ్గు కొనల నడుమ అంగుళములో వేయింట 25 వంతుల ఎడము, అనగా మిల్లీమీటరులో సగముకన్న కొంచెము ఎక్కువ, ఉండవలెను. డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు గుంటలు పడినవేమో చూడుడు. గాలి వడపోత దుమ్ముతో పూడినచో గాలి చాలక మిశ్రమము దానంతట అదియే చిక్కనగును. పొలము బాటలలో తిరుగు బండికి ఇది తఱచుగా కలుగు దోషము. చోకు తీగ తుప్పుపట్టి చోకు సగము మూసికొనియే యుండుట మఱియొకటి.

ఒక రైతు జీపు నాలుగు మైళ్ళు నడచి ఆగిపోవుచు, పావుగంట విశ్రమించిన పిమ్మట మఱల నడచుచుండెను. దానికి రెండు మాఱులు కార్బురేటరు మార్చిరి. దోషము పెట్రోలు ట్యాంకు మూతలో నుండెను. మూతకు గల గాలి రంధ్రము మట్టితో పూడిపోయినందున, పెట్రోలు తగ్గినకొలది లోపలికి గాలి చొరక, పంపు పీల్చలేకపోయెను. ఒక పుడకతో తీరిన పని అది. ఎండకాలమున పెట్రోలు గొట్టము కాగి లోపల ఆవిరి బుడగలు పట్టి బండి ఆగుటయు కలదు. పంపుపై తడిగుడ్డ కప్పినంతనే బండి కదలెనేని కార్బురేటరు నిర్దోషి యని తెలిసికొనుడు.

ఇవన్నియు చూచిన పిదపనే విప్పుట. ఆరుబయట, చల్లారిన ఇంజనుతో, బ్యాటరీ తీగ ఊడదీసి పని చేయవలెను. పెట్రోలు ఆవిరి గాలికన్న బరువైనది. అది నేలబాఱుగ ప్రాకి, పది అడుగుల దూరమున నున్న బీడీని గాని పొయ్యిని గాని చేరి, మంటతో వెనుకకు రాగలదు. దగ్గఱ ఒక బక్కెట్టు పొడి ఇసుక ఉంచుకొనుడు. పెట్రోలు మంటపై నీరు పోసినచో పెట్రోలు నీటిపై తేలి మంట వ్యాపించును. పిల్లలను దూరముగ నుంచుడు.

విప్పి శుభ్రపఱచుట

మొదట కార్బురేటరును బండిమీదనే కిరసనాయిలులో ముంచిన కుంచెతో వెలుపల కడుగుడు. లేనిచో విప్పినపుడు పై దుమ్మంతయు లోపల పడును. పిదప గాలి వడపోత, పెట్రోలు గొట్టము, చోకు తీగ, ఎక్సిలరేటరు కడ్డీ తీసి, రెండు నట్లు విప్పి, పైకి ఎత్తుడు. క్రింద కనబడు రంధ్రమున వెంటనే శుభ్రమైన గుడ్డ కుక్కుడు. అందులో ఒక్క నట్టు జాఱిపడినచో అది సిలిండరులోనికి పోయి పిస్టనును పగులగొట్టును.

ఒక వెడల్పు పళ్ళెమున తెల్లగుడ్డ పఱచి, విప్పిన ముక్కలను విప్పిన వరుసలోనే పేర్చుడు. చేతనున్న ఫోనుతో అడుగడుగునకు ఒక చిత్రము తీసికొనుట ఇంకను మంచిది. ఏ మరమేకునైనను తీయకముందు దానిని లోపలికి మెల్లగా బిగించుచు ఎన్ని చుట్లు పోవునో లెక్కించి వ్రాసికొనుడు. పూర్వపు స్థానము తెలిసియున్నచో దారి తప్పినను మొదటికి రావచ్చును.

మూత తీయగనే గిన్నె అడుగున బురద, తుప్పు పొడి, నీటి బొట్లు కానవచ్చును. ఇది చూచినపుడే రోగములో ముప్పాతిక తెలిసిపోవును. గిన్నెను కడిగి, మూలలను కుంచెతో తోముడు. జిగురుగ గట్టిపడిన పాత పెట్రోలు పొర కిరసనాయిలుకు లొంగనిచో, అంగళ్ళలో దొరకు కార్బురేటరు శుద్ధి ద్రవమును వాడవచ్చును. కాని రబ్బరు ముక్కలను, పలుచని పొరలను ముందుగ తీసివేయవలెను. ఆ ద్రవము కంటబడరాదు.

ఇక జెట్ల సంగతి. ఇచ్చట కొంత నిలిచి చెప్పవలసియున్నది. జెట్టు ఇత్తడితో చేసినది. ఇత్తడి మెత్తనిది. చీలికకు సరిపోవు వెడల్పుగల స్క్రూడ్రైవరుతో తీయనిచో అంచులు విఱిగి మఱల ఊడిరాదు. తీసి వెలుతురునకు పట్టి చూచినచో రంధ్రము గుండ్రముగ, తేటగ కనబడవలెను. మూసికొనిపోయినచో మన వీధి మరమ్మతువారు చేయు పని, దగ్గఱనున్న ఇనుప తీగతోనో గుండుసూదితోనో పొడుచుట. ఇంతకన్న చెడుగు వేఱొకటి లేదు. సోలెక్సు జాతి జెట్టుమీద అచ్చొత్తిన అంకె రంధ్రపు వెడల్పును మిల్లీమీటరులో నూఱవ వంతులుగ తెలుపును. 120 అని యున్నచో రంధ్రము 1.20 మిల్లీమీటర్లు. తీగతో గీకి దానిని 1.30 చేసితిరేని, కంటికి తేడా తెలియదు. కాని వెడల్పు స్వల్పముగ పెరిగినను రంధ్రపు వైశాల్యము నూటికి 17 వంతులు పెరుగును. ఆ బండి ఆ దినము మొదలు పెట్రోలును ఎక్కువగా త్రాగుచునే యుండును. ఏ మరమేకు త్రిప్పినను ఆ దోషము పోదు. క్రొత్త జెట్టు వేయవలసినదే. కావున జెట్టును ద్రవమున నానబెట్టి, గట్టి పందివెండ్రుకతోనో నైలాను కుంచె పోగుతోనో మాత్రమే దారి చేసి, సైకిలు పంపుతో గాలి కొట్టుడు. చీపురుపుల్ల వలదు, విఱిగి లోపల నిలుచును. జెట్ల అంకెలను ఒక కాగితమున వ్రాసి బండి పత్రములతో ఉంచుకొన్నచో, మఱియొకరు వేఱు జెట్టు వేసినపుడు తెలియగలదు.

దేహములోని సన్నని దారులన్నిటికిని ఇట్లే సైకిలు పంపుతో గాలి కొట్టవలెను. ఒక కొన మూసి మఱియొక కొన ఊదినచో ఏ దారి ఎక్కడికి పోవునో తెలియును. పంపు గొట్టపు కొనకు ఒక ముక్క రబ్బరు ట్యూబు తొడిగిన పని సులువు. థ్రాటిలు రేకును మాత్రము విప్పవలదు. దాని చిన్న మరమేకులు విఱిగినచో ఇంజనులోనికే పోవును. ఆ రేకు ఇరుసును చేతితో అటునిటు కదలించి చూడుడు. వదులుగ నున్నచో ఆ సందున దొంగగాలి చొచ్చి, ఎంత సరిచేసినను ఇంజను నిలుకడగ నడువదు.

ఫ్లోటును చెవిదగ్గఱ ఊపుడు. లోపల పెట్రోలు చప్పుడైనచో చిల్లిపడినదన్నమాట. అనుమానమున్నచో వేడినీట ముంచినపుడు బుడగలు వచ్చును. ఇంటికడ దానికి టంకము వేయబోవుట ప్రమాదము. లోపలి ఆవిరి ప్రేలగలదు. అదిగాక టంకపు బరువుచే మట్టము మాఱును. క్రొత్తది వేయుటయే మేలు. సూది కవాటపు కొనమీద గోరు తగులునంతటి గాడి పడినచో అదియు మార్చవలసినదే. గిన్నె పొంగి పెట్రోలు బయటికి కాఱుటకు ప్రధానకారణ మిదియే.

మఱల బిగించునపుడు పాత ప్యాకింగులను వాడరాదు. నట్లను ఒకదానితరువాత ఒకటి కొంచెము కొంచెముగ బిగింపవలెను. బలముకొలది ఒక ప్రక్కనే బిగించినచో పోతలోహపు అంచు వంగి దొంగగాలికి దారి యిచ్చును. అంచు వంగినదో లేదో తెలియుటకు కిటికీ అద్దపు ముక్కపై ఉంచి చూచుట చాలును.

సరిచేయుట

ఇంతవఱకు చేసిన పిమ్మట చాల బండ్లు తమంతట తామే సరిగా నడచును. అపుడు త్రిప్పవలసిన పనియే యుండదు. ఉన్నచో, ఇంజను పది పదునైదు నిమిషములు నడచి బాగుగ వేడెక్కిన తరువాత, చోకు పూర్తిగ తీసి, గాలి వడపోత పెట్టి, ఆరుబయట చేయుడు. మూసిన కొట్టములో ఇంజను నడుపుట ప్రాణాపాయము. పొగలోని కార్బను మోనాక్సైడు వాయువునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రవలె వచ్చి మనుష్యుని చంపును.

జీపులకును, ఫియట్టులకును, పెక్కు అంబాసిడరులకును అమర్చిన సోలెక్సు జాతి కార్బురేటరునకు బయటనుండి త్రిప్పదగినవి రెండే మరమేకులు. ఒకటి థ్రాటిలు రేకు ఎంత తెఱచియుండవలెనో నిర్ణయించి, ఊరక నిలిచినపుడు ఇంజను వేగమును, అనగా మెకానిక్కులు "స్లో" యనుదానిని, హెచ్చించి తగ్గించును. రెండవది, క్రిందిభాగమున ఇంజను వైపున నుండునది, ఆ స్లోలోని మిశ్రమమును సరిచేయును. రెండవదానిని వ్రేళ్ళతో మెల్లగ లోపలికి తగులువఱకు త్రిప్పుడు. బిగింపవలదు. బిగించినచో కొన నలిగి ఇక సరిపడదు. తరువాత ఒకటిన్నర చుట్టు వెలికి త్రిప్పుడు. ఇంజనును నడిపి, పావు చుట్టు చొప్పున అటునిటు త్రిప్పుచు, చెవియొగ్గి వినుడు. ఎక్కడ ఇంజను వేగము హెచ్చి నున్నగ మ్రోగునో అదియే తావు. అపుడు మొదటి మరమేకుతో వేగమును తగ్గించి, మఱల రెండవదానిని ఒకమాఱు సరిచూడుడు. వెలికి త్రిప్పిన మిశ్రమము చిక్కనగును. చిక్కనైనపుడు ఇంజను ఉబ్బుచు తగ్గుచు కుంటినడక నడచును. పలుచనైనపుడు ఎక్సిలరేటరు నొక్కగనే తుమ్మి ఆగిపోవును.

మోటారు సైకిళ్ళలో కొన్నిటికి ఈ మరమేకు ఇంజను వైపున గాక గాలి వచ్చు వైపున నుండును. అట్టివానిలో అది పెట్రోలును గాక గాలిని కొలుచును. కావున వెలికి త్రిప్పిన మిశ్రమము పలుచనగును. ఈ భేద మెఱుగక కారు చేతివాటమును మోటారు సైకిలుపై చూపువారు దానిని ఇంకను చెఱచెదరు.

ఇచ్చట ఒక భ్రమను తొలగింపవలసియున్నది. "మైలేజీ తగ్గినది, మరమేకు కొంచెము లోపలికి త్రిప్పు" అని మెకానిక్కును కోరు సభ్యులు కలరు. ఆ మరమేకు ఇంజను ఊరక నిలిచినపుడును, మిక్కిలి మెల్లగ నడచునపుడును మాత్రమే పని చేయును. బండి రోడ్డుమీద వేగమందుకొన్నపుడు పెట్రోలును కొలిచి యిచ్చునది ప్రధాన జెట్టు. దానికి మరమేకు లేదు. కనుక మరమేకు లోపలికి త్రిప్పుటవలన మిగులు పెట్రోలు నామమాత్రమే. ప్రొద్దున బండి కదలకపోవుట మాత్రము నిశ్చయము. పెట్రోలు గొట్టమునకు అయస్కాంతము కట్టినచో ఖర్చు తగ్గునని సంతలలో అమ్మువారి మాట అంతకన్న బూటకము.

ఎస్.యు. కార్బురేటరు

కొన్ని పాత అంబాసిడరులకు పైన గుమ్మటము వంటి గిన్నెగల వేఱు జాతి కార్బురేటరు కలదు. దీనిని ఇంగ్లండులో స్కిన్నరు సోదరులు కల్పించిరి. ఎస్.యు. కంపెనీ 1910లో ఏర్పడెను. ఆ కుటుంబము చెప్పుల వర్తకము చేయునది. మొదటి కార్బురేటర్లలో తోలుతిత్తులే వాడిరి. నాకీ జాతి మీద కొంత పక్షపాతము కలదు. ఏలనగా దీనిలో జెట్టు ఒక్కటే, దానిని సరిచేయు నట్టును ఒక్కటే. ఆ ఒక్క నట్టే అన్ని వేగములలోను మిశ్రమమును నిర్ణయించును.

గుమ్మటములో ఒక పిస్టను గాలి పీల్పునకు అనుగుణముగ పైకి క్రిందికి ఆడుచుండును. దాని క్రింద వ్రేలాడు మొనసూది జెట్టులో దిగి, లేచినకొలది పెట్రోలునకు ఎక్కువ దారి విడుచును. వడపోత తీసి, పిస్టనును వ్రేలితో ఎత్తి విడిచినచో, అది అడ్డులేక దిగి "టక్కు"మని తగులవలెను. తగులనిచో గుమ్మటము తీసి, లోపలను పిస్టనును పెట్రోలుతో తడిపిన మెత్తని గుడ్డతో తుడుచుడు. గరుకు కాగితము ముట్టింపరాదు. గోడలకు నూనె పూయరాదు. పైన నడిమి గొట్టములో మాత్రము పలుచని ఇంజను నూనె, 20 అంకెగలది, పోయవలెను. అది యెండినచో ఎక్సిలరేటరు నొక్కినపుడు బండి తడబడును. చాలమంది ఈ నూనెను పోయవలెనని యెఱుగనే యెఱుగరు.

జెట్టు క్రిందనున్న ఆఱు పలకల నట్టును పైకి త్రిప్పినచో మిశ్రమము పలుచనగును, క్రిందికి త్రిప్పినచో చిక్కనగును. మొదట జెట్టు గొంతు నేలతో సమముగ నుండునట్లు పైకి త్రిప్పి, అచ్చటినుండి రెండు నిండు చుట్లు, అనగా 12 పలకలు, క్రిందికి దింపుడు. ఇంజను వేడెక్కిన తరువాత ఒక్కొక్క పలక చొప్పున మాత్రమే మార్చి పరీక్షింపుడు. పరీక్ష యిది: ప్రక్కనున్న చిన్న మేకుతో పిస్టనును మిల్లీమీటరునకు కొంచెము తక్కువగ ఎత్తుడు. ఇంజను వేగము హెచ్చి హెచ్చినట్లే యుండెనా, మిశ్రమము చిక్కనిది. వెంటనే తగ్గి ఆగబోయెనా, పలుచనిది. క్షణకాలము కొంచెము హెచ్చి మఱల మొదటి వేగమునకు వచ్చెనా, సరియైనది.

నేటి పెట్రోలు

పాత బండ్లు గలవారు నేడు గమనింపవలసిన క్రొత్త సంగతి ఒకటి కలదు. మన దేశమున పెట్రోలులో ఇథనాలు అను సారాను కలుపుట 2022 నాటికి 10 శాతమునకును, 2025 నాటికి 20 శాతమునకును చేరినది. ఈ సారా చెఱకునుండియు, మొక్కజొన్ననుండియు, నూకలనుండియు వచ్చునది. అనగా మన పొలముల పంటయే. దానికి గిరాకి కలుగుట రైతునకు మేలు. కాని అదే రైతు కొట్టములోని పాత కారునకు అది క్రొత్త చిక్కులను తెచ్చినది. ఇది వైరుధ్యమైనను దాచవలసిన పని లేదు.

సారాకు 1 పాలునకు 9 పాళ్ళ గాలియే చాలును. కావున 20 శాతము కలిసిన పెట్రోలునకు 15కు బదులు సుమారు పదుమూడున్నర పాళ్ళ గాలి కావలెను. పాత జెట్టు మాత్రము పూర్వపు లెక్కకే కొలిచి పోయుచుండుటచే మిశ్రమము కొంత పలుచనగును. బండి రోడ్డుమీద తుమ్ముచు, ప్లగ్గులు తెల్లబడుచు, ఇంజను మిక్కిలి వేడెక్కుచున్నచో, ప్రధాన జెట్టును ఒక మెట్టు పెద్దది వేయవచ్చును. 120కి బదులు 125 వేసినచో దారి నూటికి 8 వంతులకు పైగా పెరుగును. అది ఇంచుమించు సరిపోవును. వేసిన తరువాత ప్లగ్గుల రంగు మఱల చూడవలెను. ఎస్.యు. గలవారు నట్టును ఒకటి రెండు పలకలు క్రిందికి దింపిన చాలును.

రెండవ చిక్కు నీరు. సారా గాలిలోని తేమను పీల్చుకొనును. నీరు మితిమీఱినచో రెండును కలిసి పెట్రోలునుండి విడి అడుగునకు దిగును. అడుగుననే కదా పంపు పీల్చునది. గిన్నెలో తెల్లని బూజువంటి పొడి కనబడినచో లోహము తినబడుచున్నదని గ్రహింపుడు. పాత రబ్బరు గొట్టములు మెత్తబడి ఉబ్బి, లోపలి పొర ఊడి జెట్టులో చేరును. వానిని సారాకు తట్టుకొను రబ్బరుతో చేసినవానితో ఒక్కమాఱే మార్చివేయుట మంచిది. కాఱు గొట్టము వేడి ఇంజనుమీద నిప్పునకు ఆహ్వానము. పంపునకు ముందు కాగితపు జల్లెడ గల చిన్న వడపోత వేయించుడు. పల్లెలలో సీసాలకు పోసి అమ్ము పెట్రోలులో దుమ్మును నీరును ఎంతయో చెప్పజాలము. అవసరమునకు తప్ప వాడవలదు.

వరినాట్లనాడు మొదలుకొని కోతలవఱకు బండి కదలకుండ నిలుచు ఇండ్లు కలవు. మూడు నాలుగు వారములకు మించి నిలుపవలసి వచ్చినచో, కార్బురేటరు గిన్నె విప్పి పెట్రోలు పాఱబోసి, పొడిగుడ్డతో తుడిచి మూయుడు. మోటారు సైకిలు, స్ప్రేయరు వంటివానికి పెట్రోలు కొళాయి యుండును గనుక దానిని కట్టి, గిన్నెలోనిది అయిపోయి ఇంజను తానే ఆగువఱకు నడిపిన చాలును. ట్యాంకులో పాత పెట్రోలు మిగిలినచో దానిని తీసి, క్రొత్తది కొంచెము పోసికొని, గిన్నె నిండుటకు స్టార్టరును కొన్ని క్షణములు త్రిప్పి ఆపి, పిదప మఱల త్రిప్పుడు.